అభిప్రాయం అయిదో వారంలో: డిగ్రీ రచనా తరగతిలో ఆడ, మగ పాత్రల గురించి రాయించే పద్ధతి

‘సమాజంలో స్త్రీ పాత్ర’ అని బోర్డు మీద రాసి వ్యాసం రాయమంటే ఏం వస్తుందో తెలుగు చెప్పేవాళ్లందరికీ తెలుసు. ‘యత్ర నార్యస్తు పూజ్యంతే’తో మొదలై, ఝాన్సీ లక్ష్మీబాయి మీదుగా కల్పనా చావ్లా దాకా వెళ్లి, ‘స్త్రీ లేనిదే సృష్టి లేదు’ అని ముగిసే కాగితాలు నలభై వస్తాయి. ఒక్కదానిలోనూ రాసిన పిల్లవాడి ఇల్లు కనిపించదు. తప్పు పిల్లలది కాదు. మనం వాళ్లను అభిప్రాయం అడిగాం, వాళ్లు దగ్గరున్నది ఇచ్చారు.

డిగ్రీ రెండో సంవత్సరం పిల్లలతో కొన్నేళ్లుగా ఈ అంశం మీద రాయిస్తున్నాను. కింద చెప్పేది ఆరు వారాల పద్ధతి, వారానికి రెండు గంటలు. దీని ఇరుసు ఒక్కటే: అయిదో వారం దాకా ఎవరూ అభిప్రాయం రాయకూడదు. చూసింది, విన్నది, లెక్కపెట్టింది మాత్రమే రాయాలి. ఇది పాటిస్తే మిగతా మెట్లు మీ తరగతికి తగ్గట్టు మార్చుకోవచ్చు.

మొదలుపెట్టే ముందు

మూడు ఏర్పాట్లు చేసుకోండి. ఒకటి, ప్రతి విద్యార్థికీ విడిగా ఒక నోటు పుస్తకం. అందులో ఏ పుట తరగతిలో చదవాలో, ఏది మీకు మాత్రమే చూపించాలో, ఏది ఎవరికీ చూపించకూడదో నిర్ణయించేది ఆ విద్యార్థే. ఈ మాట మొదటి రోజే చెప్పి, చివరి దాకా నిలబెట్టుకోండి.

రెండు, నిషిద్ధ పదాల జాబితా. త్యాగం, ఓర్పు, సహనం, భూదేవి, మహాలక్ష్మి అన్నవి ఒక వైపు. వివక్ష, అణచివేత, పితృస్వామ్యం అన్నవి మరో వైపు. నాలుగు వారాల పాటు ఈ మాటలు ఎవరూ వాడకూడదు. రెండో వైపు మాటలను నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. అయినా ఆపుతాను, ఎందుకంటే పందొమ్మిదేళ్ల పిల్లకు ‘పితృస్వామ్యం’ అన్న మాట దొరకగానే తన ఇంటిని చూడటం ఆగిపోతుంది. ఆ మాట అన్నీ చెప్పేసినట్టు అనిపిస్తుంది.

మూడు, ఇల్లు గురించి రాయించినప్పుడు ఏదో ఒక నోటు పుస్తకంలో దెబ్బల సంగతి బయటపడుతుంది. అది జరగవచ్చని ముందే అనుకుని సిద్ధంగా ఉండండి. మహిళల సహాయవాణి 181, పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లకు 1098. మీ కళాశాలలో అంతర్గత ఫిర్యాదుల కమిటీలో ఎవరున్నారో, వాళ్లను ఎక్కడ కలవాలో తెలుసుకోండి. అలాంటి పుటకు మార్కులు వేయకండి, వాక్యనిర్మాణం దిద్దకండి. ఆ పిల్లను పక్కకు పిలిచి, ఏం చేయమంటావని అడగండి.

మొదటి వారం: ఒక ఉదయం

అంశం పేరు చెప్పకండి. ‘రేపు ఉదయం అయిదు నుంచి పది వరకు మీ ఇంట్లో ఎవరు ఏం చేశారో, ఎన్ని గంటలకు చేశారో రాసుకురండి. విశేషణాలు వద్దు’ అని మాత్రమే చెప్పండి. హాస్టల్ పిల్లలు సెలవుకు ఇంటికి వెళ్లినప్పుడు రాయవచ్చు, లేదా హాస్టల్ వంటగదిని చూసి రాయవచ్చు.

ఒక అబ్బాయి తెచ్చిన పుట నాకు ఇప్పటికీ గుర్తుంది. తండ్రి లేచిన సమయం, పాలు వచ్చిన సమయం, తను స్నానం చేసిన సమయం, తమ్ముడి స్కూలు ఆటో, అన్నీ నిమిషాలతో సహా ఉన్నాయి. తల్లి పేరు పదకొండు చోట్ల ఉంది: కళ్లాపి చల్లింది, పొయ్యి వెలిగించింది, డబ్బాలు సర్దింది. నేను ఒక్కటే అడిగాను: ‘అమ్మ ఎప్పుడు తిన్నది?’ అతను పుట అటూ ఇటూ తిప్పి చూశాడు. ‘రాయలేదు మేడమ్’ అన్నాడు. కాసేపాగి, ‘చూడలేదు’ అన్నాడు. మర్నాడు ఒక వాక్యం రాసుకొచ్చాడు: ‘9:40కి, గట్టు దగ్గర నిలబడి, అన్నం గిన్నెలోనే చారు పోసుకుని తిన్నది.’

ఆ వాక్యాన్ని అతని అనుమతితో బోర్డు మీద రాశాను. దాని పక్కన అంతకుముందు ఎవరో రాసిన ‘మా అమ్మ కుటుంబం కోసం జీవితాన్ని త్యాగం చేసింది’ అన్న వాక్యం రాశాను. రెండింటిలో ఏది గుర్తుంటుందని తరగతిని అడిగాను. రచన గురించి నేను అంతకు మించి ఆ వారం ఏమీ చెప్పలేదు.

తర్వాతి గంట లెక్కలకు. ప్రతి ఒక్కరూ తమ పుటలో ఎవరి పని ఎన్ని నిమిషాలో కూడాలి. కూడిన తర్వాతే జాతీయ గణాంక కార్యాలయం చేసిన కాల వినియోగ సర్వే అంకెలు చూపించండి. జీతం లేని ఇంటిపనికి 2019లో ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు వెచ్చించారు. 2024 సర్వేలో అవి 289, 88. పిల్లలు ‘మగవాళ్లు కూడా గంటన్నర చేస్తున్నారు కదా’ అంటారు. అప్పుడు అసలు పాఠం మొదలవుతుంది. ఆ సగటు ఆ రోజు ఆ పని చేసినవాళ్లది మాత్రమే. 2019లో అలా చేసిన ఆడవాళ్లు 81.2 శాతం, మగవాళ్లు 26.1 శాతం. మిగతా మగవాళ్లు ఆ 97లో లేనే లేరు. అంకెను వాక్యంలో పెట్టేముందు అది ఎవరిని లెక్కలోకి తీసుకుందో అడగడం ఇక్కడే నేర్పవచ్చు. తమ ఇంటి లెక్క చేతిలో ఉంది కాబట్టి పిల్లలు శ్రద్ధగా వింటారు.

రెండో వారం: మాటలు

నాకు అన్నిటికంటే ఇష్టమైన వారం ఇది. బోర్డు మీద నాలుగు వాక్యాలు రాయండి.

రాముడు వచ్చాడు.
సీత వచ్చింది.
ఆవు వచ్చింది.
బస్సు వచ్చింది.

ఏమీ అనకుండా నిలబడండి. అరనిమిషంలో వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి ‘అయ్యో’ అంటుంది. పుట్టినప్పటి నుంచి మాట్లాడుతున్న భాషలో ఇది ఉందని వాళ్లు గమనించి ఉండరు. పరవస్తు చిన్నయ సూరి బాలవ్యాకరణంలో స్త్రీలు, పశుపక్ష్యాదులు, జడపదార్థాలు కానివాటికి ‘మహత్తు’ అని పేరు పెట్టారని చెప్పండి. తరగతి వేడెక్కుతుంది. ‘మన భాషే ఆడవాళ్లను వస్తువులుగా చూసింది’ అని ఒకరు తీర్మానిస్తారు.

అక్కడ ఆపండి. తమిళంలో ‘అవళ్ వందాళ్’, కన్నడంలో ‘అవళు బందళు’ అంటారు. ఆ రెండు భాషల్లో ఆమెకు వేరే క్రియారూపం ఉంది. మరి అక్కడ ఆడవాళ్ల బతుకు మనకంటే సమానంగా సాగిందా? లేదు. కాబట్టి వ్యాకరణం ఒక్కదాన్నే సాక్ష్యంగా పెట్టి సమాజం మీద తీర్పు చెప్పలేం. ఈ జాగ్రత్త చెప్పకపోతే ఈ పాఠం వట్టి ఆవేశంగా మిగిలిపోతుంది.

ఇప్పుడు మరో రెండు వాక్యాలు రాయండి: ‘నాన్న వచ్చారు. అమ్మ వచ్చింది.’ గౌరవంతో చెప్పేటప్పుడు తెలుగు ఇద్దరికీ ఒకే రూపం ఇస్తుంది: వచ్చారు. ఆ రూపం ఎవరికి వాడతామన్నది వ్యాకరణం నిర్ణయించలేదు, మనం నిర్ణయించాం. సాక్ష్యం ఇక్కడుంది. పిల్లలను ఇంటికి వెళ్లి ఒక్క రోజు లెక్కపెట్టమనండి: ఎవరు ఎవరిని ‘మీరు’ అన్నారు, ఎవరిని ‘నువ్వు’ అన్నారు, ఎవరు ఎవరి పేరు పలకలేదు. అమ్మను ‘నువ్వు’ అనడంలో చనువు, ప్రేమ ఉన్నాయని కొందరు వాదిస్తారు. అది నిజమే. అయితే నాన్నతో ఆ చనువు ఎందుకు లేదన్న ప్రశ్న వాళ్ల నోటు పుస్తకంలో రాయించండి. ఆ చనువు దొరక్కపోవడం నాన్నలకు కూడా నష్టమేనని రాసిన అబ్బాయిలు నా తరగతిలో ఉన్నారు.

తర్వాత జతల ఆట. ఒక మాట ఇచ్చి, ఎదుటివైపు మాట అడగండి. ముత్తైదువకు మగ మాట ఏమిటి? గొడ్రాలికి? గయ్యాళికి? ‘విధురుడు’ నిఘంటువులో ఉంది కానీ ఎవరి నోటా వినిపించదు. ఇక తిరగేయండి. పెళ్లయ్యాక అత్తవారింట ఉండే మగవాడికి ఇల్లరికపుటల్లుడు అని పేరుంది. పెళ్లయ్యాక అత్తవారింట ఉండే ఆడదానికి ప్రత్యేకంగా పేరేమిటి? తరగతి మౌనమైపోతుంది. అందరూ చేసేదానికి పేరు అక్కరలేదు. తప్పి నడిచిన వాడికే పేరు పెడతాం. అలాగే మగరాయుడు, ఆడంగి. మొదటిది అమ్మాయిని సగం మెచ్చుకుంటుంది, రెండోది అబ్బాయిని పూర్తిగా అవమానిస్తుంది. రెండో మాట పడ్డ అబ్బాయిలు ప్రతి తరగతిలో ఉంటారు. చేతులెత్తమని అడగకండి. నోటు పుస్తకంలో రాసుకోవడానికి పది నిమిషాలిచ్చి, చూపించమనకండి.

వారం చివరి పని: పత్రికలోని ఒక చిన్న వార్తనో, వధూవరుల ప్రకటననో తెచ్చి, ఆడ మగ తారుమారు చేసి తిరగరాయడం. ‘తెల్లని, వంట తెలిసిన, ఇంటి వద్ద ఉండగల వరుడు కావలెను’ అని చదివినప్పుడు తరగతిలో పుట్టే నవ్వును వృథా పోనివ్వకండి. ఏ పదం దగ్గర నవ్వు వచ్చిందో గీత గీయించండి. రాయవలసింది ఆ పదం గురించి.

మూడో వారం: సామెతలు

ఇంట్లో పెద్దవాళ్లు నిజంగా వాడే సామెతలే తెమ్మనండి. పుస్తకాల్లోంచి వద్దు. ప్రతి సామెత కింద మూడు సంగతులు ఉండాలి: ఎవరన్నారు, ఎవరితో అన్నారు, ఏ సందర్భంలో అన్నారు. సందర్భం లేని సామెత ఈ తరగతికి పనికిరాదు.

‘ఉద్యోగం పురుష లక్షణం’, ‘నవ్వే ఆడదాన్ని, ఏడ్చే మగవాణ్ణి నమ్మరాదు’, ‘తిరిగి ఆడది చెడింది, తిరగక మగవాడు చెడ్డాడు’ తప్పకుండా వస్తాయి. రెండోదాన్ని అబ్బాయిలతో చదివించండి. ఏడవకూడదన్న ఆజ్ఞ తమ మీదే ఉందని వాళ్లు మొదటిసారి గమనిస్తారు. ఈ అంశం తమను తిట్టడానికి పెట్టిందన్న అనుమానం అప్పుడు కొంత తగ్గుతుంది. మూడోదాన్ని హాస్టల్ గేటు దగ్గరికి తీసుకెళ్లండి. మీ ఊళ్లో అమ్మాయిల హాస్టల్ గేటు ఎన్ని గంటలకు మూస్తారు, అబ్బాయిలది ఎన్నింటికి? రెండు వేళలూ ఆ సామెత కింద రాయించండి. వ్యాఖ్య అవసరం లేదు.

నాలుగో వారం: పెద్దవాళ్లను అడగడం

‘మీరు వివక్ష ఎదుర్కొన్నారా?’ అని అమ్మమ్మను అడిగితే ‘అలాంటివేం లేవు నాన్నా’ అంటుంది, ఇంటర్వ్యూ అయిపోతుంది. వస్తువుల గురించి, డబ్బు గురించి, కాగితాల గురించి అడగాలి. నేను ఇచ్చే ప్రశ్నలు ఇవి. మీ చేతికి సొంతంగా డబ్బు మొదట ఎప్పుడొచ్చింది, ఎంత? బడి మానేసిన రోజు ఏం జరిగింది? పుట్టింటి ఆస్తి కాగితాల మీద ఎప్పుడైనా సంతకం పెట్టారా? తాతయ్యలకు, నాన్నలకు వేరే ప్రశ్నలు: మీ మొదటి జీతం ఎవరికిచ్చారు? చదవాలనుకుని చదవలేకపోయింది ఏమిటి? వంట వచ్చా, ఎక్కడ నేర్చుకున్నారు?

సంతకం ప్రశ్న వెనక ఉన్న చరిత్రను పిల్లలకు ముందే చెప్పండి. హిందూ వారసత్వ చట్టానికి ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణతో 1985 సెప్టెంబరు నుంచి ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతుళ్లకు కొడుకులతో సమానంగా పుట్టుకతో హక్కు వచ్చింది. అప్పటికే పెళ్లయినవాళ్లకు అది వర్తించలేదు. కేంద్ర చట్టంలో ఆ హక్కు 2005లో వచ్చింది. ఇది తెలిసి వెళ్లిన పిల్లకు, ‘అన్నయ్య రమ్మంటే రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లి సంతకం పెట్టి వచ్చాను, చీర పెట్టారు’ అని నానమ్మ మామూలుగా చెప్పిన మాట మామూలుగా వినిపించదు. ‘పసుపు కుంకుమల కింద’ ఇచ్చిన అరెకరం ఎందుకు కానుకగానే మిగిలిందో అర్థమవుతుంది.

వంట ప్రశ్న నుంచి నాకు దొరికిన గొప్ప పుట గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన తండ్రిది. దుబాయ్ క్యాంపులో ఎనిమిదేళ్లు వంతులవారీగా గదిలోని ఆరుగురికీ వండాడాయన. చపాతీలు గుండ్రంగా వస్తాయి. ఊరికి వచ్చాక వంటగదిలో అడుగుపెట్టలేదు. కూతురు ఎందుకని అడిగితే ‘అక్కడ ఎవరూ చూసేవాళ్లు లేరు’ అన్నాడు. ఆమె ఆ మాటను రాసి, కింద ఖాళీ వదిలేసింది. నిజామాబాద్, జగిత్యాల వైపు నుంచి మగవాళ్లు, కడప, గోదావరి జిల్లాల నుంచి ఇంటిపనుల కోసం ఆడవాళ్లు గల్ఫ్‌కు వెళ్లడం పిల్లలకు తెలుసు. వెళ్లినవాళ్ల పనులు ఇంట్లో ఎవరి చేతికి వచ్చాయన్నది అడిగితే ఆడపని, మగపని అన్న గీత ఎంత తేలిగ్గా జరుగుతుందో వాళ్లకే కనిపిస్తుంది.

ఇక్కడ కులం సంగతి తప్పించుకోకండి. ‘ఆడది గడప దాటదు’ అని ఒక విద్యార్థి రాస్తే, ఎవరి గడప అని అడగండి. కూలికి వెళ్లే ఇళ్లలో ఆడవాళ్లు గడప దాటకుండా ఎప్పుడూ లేరు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉపాధి హామీ పనిదినాల్లో సగానికి పైగా వాళ్లవే. ఆ ఇంటి అమ్మాయి మీద ఉన్న ఆంక్షలు వేరు, భయాలు వేరు. ఒకే ‘తెలుగు స్త్రీ’ని ఊహించుకుని రాసిన వ్యాసం తరగతిలో సగం మందిని బయట నిలబెడుతుంది.

అయిదో వారం: పాతకాలం వైపు ఒక చూపు, ఆ తర్వాతే వాదం

ఇప్పుడు అభిప్రాయం రాయడానికి అనుమతి ఇవ్వండి, నిషిద్ధ పదాలను విడుదల చేయండి. దానికి ముందు ఒక గంట చరిత్రకు కేటాయించండి. ‘ఇదంతా ఎప్పటినుంచో ఇలాగే ఉంది’ అన్న నమ్మకాన్ని కదపడానికి గురజాడ నాటకం ‘కన్యాశుల్కం’ చాలు. 1892లో తొలిసారి ప్రదర్శించారు, 1897లో అచ్చయింది. ఆ రోజుల్లో కొన్ని కుటుంబాల్లో డబ్బు పెళ్లికూతురి తండ్రికి అందేది, చిన్నపిల్లలను ముసలివాళ్లకు కట్టబెట్టేవారు. తర్వాత డబ్బు ప్రవాహం దిశ మార్చుకుని వరకట్నమైంది, 1961లో దాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. రెండు కాలాల్లోనూ డబ్బు ఎటు వెళ్లిందో, పిల్లను ఎవరైనా అడిగారో లేదో రాయమనండి.

చురుకైన తరగతి అయితే మరో ప్రశ్న పెట్టండి. తొలి తెలుగు కథగా 1910లో వచ్చిన గురజాడ ‘దిద్దుబాటు’ను చెప్పుకున్నాం. భండారు అచ్చమాంబ 1902లోనే కథ ప్రచురించారు. ‘మొదటిది’ అన్న గౌరవం ఎవరికి, ఏ కొలతతో ఇస్తాం? ఇందులో రెండు వైపులా నిజాయతీగా వాదించవచ్చు, అందుకే రచనా తరగతికి ఇది మంచి ప్రశ్న.

ఆ తర్వాత చిత్తుప్రతి. ఎనిమిది వందల మాటలు, ఒకే ప్రశ్న, తమ నోటు పుస్తకంలోంచి కనీసం మూడు సాక్ష్యాలు. ఆ సాక్ష్యాల్లో ఒకటి తమ వాదానికి ఎదురు తిరిగేదై ఉండాలి. ఈ చివరి షరతు కష్టమైనది, దాన్ని సడలించకండి. ‘మా నాన్నే మా జడలు వేసేవాడు’ అన్న పుట ఉన్నవాళ్లు దాన్ని దాచకుండా వాడాలి.

ఆరో వారం: ఒకరివి ఒకరు చదవడం

ముగ్గురేసి కూర్చోబెట్టండి, అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసి. చదివినవాళ్లు ‘నేను ఒప్పుకోను’ అనకూడదు. ‘ఈ వాక్యం దగ్గర నాకు కనిపించింది’, ‘ఈ వాక్యం దగ్గర కనిపించలేదు’ అని మాత్రమే గుర్తు పెట్టాలి. గొడవలు చాలావరకు దీంతోనే తగ్గుతాయి.

ఒక అబ్బాయి ‘ఇప్పుడు చట్టాలన్నీ ఆడవాళ్లవైపే’ అని రాస్తాడు. కోప్పడకండి, కొట్టేయకండి. ఏ చట్టం, ఏ సంవత్సరం, మీకు తెలిసిన ఏ సంఘటన అని మార్జిన్‌లో రాయండి. ఒక అమ్మాయి ‘మగవాళ్లందరూ ఇంతే’ అని రాసినా అదే ప్రశ్న, అదే సిరాతో. పిల్లలు మన న్యాయాన్ని ఇక్కడే కొలుస్తారు.

ఆడ, మగ అన్న రెండు గడుల్లో ఇమడని విద్యార్థి మీ తరగతిలో ఉండవచ్చు, మీకు తెలియకపోవచ్చు. 2014 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తమ లింగమేదో తామే చెప్పుకునే హక్కు ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు ఉందని తీర్పు ఇచ్చింది. నిజాం కాలం నుంచి వాళ్లను నేరస్తుల్లా చూసిన చట్టాన్ని తెలంగాణ హైకోర్టు 2023లో కొట్టేసింది. ఈ రెండు సంగతులూ తరగతికి చెప్పండి. ఎవరినీ చూస్తూ చెప్పకండి. రాసేటప్పుడు ఆ వ్యక్తి కోరుకున్న సర్వనామమే వాడాలి, తెలియకపోతే ‘వారు’ ఉంది.

మార్కులకు నా కొలత ఇది: నూటికి నలభై చూసిన వివరానికి, ముప్ఫై సాక్ష్యం నుంచి వాదానికి వెళ్లిన దారికి, ఇరవై తిరగరాసిన శ్రమకు, పది భాషకు. అభిప్రాయానికి సున్నా. నాకు నచ్చని అభిప్రాయాన్ని గట్టి సాక్ష్యంతో రాసినవాళ్లకు మంచి మార్కులు వేశాను. అది ముందే చెప్పాను కాబట్టి మూడో వారం నుంచి పిల్లలు నన్ను సంతోషపెట్టడానికి రాయడం మానేశారు.

చివరి గంటలో మొదటి వారం పుట తీయించి, అదే ఉదయాన్ని మళ్లీ ఒకసారి రాయమనండి. అప్పుడు చూడనిది ఇప్పుడేమైనా ఉంటే చేర్చమనండి. అరగంట చాలు. దీనికి మార్కులు లేవు, చదివి వినిపించడం లేదు. గంట కొట్టాక నోటు పుస్తకాలు ఎవరివి వాళ్లకు ఇచ్చేయండి. బాగున్న పుటల ఫొటోలు తీసుకోకండి, వచ్చే ఏడాది తరగతికి నమూనాగా చూపించాలనిపిస్తే రాసినవాళ్లను అడిగి, పేరు, ఊరు తీసేసి, వాళ్ల చేతే కొత్తగా రాయించుకోండి.